ఎల్క్ ప్రజలది, గేటు రైతుది

అమెరికాలోని మోంటానా రాష్ట్రంలో తుపాకీతో ఎల్క్ వేట అక్టోబరు చివర్లో మొదలవుతుంది. ఆ శనివారం తెల్లవారకముందే ప్రభుత్వ అడవుల దారుల్లో వాహనాల దీపాలు బారులు తీరుతాయి. వెలుతురు వచ్చాక చూస్తే కొండవాలు ఖాళీగా ఉంటుంది. మొన్నటిదాకా అక్కడ మేసిన మంద కంచె దాటి, ఆఖరి కోత తరువాత మళ్లీ చిగిర్చిన లూసర్న్ (పశుగ్రాసం) చేలో నిశ్చింతగా పడుకుని కనిపిస్తుంది. ఇవతల లైసెన్సు జేబులో పెట్టుకున్న మనిషి, అవతల రెండు వందల ఎల్క్‌లు, మధ్యలో నాలుగు వరసల ముళ్లతీగ. ఆ తీగను దాటాలంటే ప్రభుత్వం ఇచ్చిన లైసెన్సు చాలదు. చేను ఎవరిదో ఆ రైతు ఒప్పుకోవాలి. ఆయన ఎందుకు ఒప్పుకుంటాడు, ఎందుకు కాదంటాడు అన్న ప్రశ్న చుట్టూ పశ్చిమ రాష్ట్రాల్లో దశాబ్దాలుగా చట్టాలు, పథకాలు, కోర్టు కేసులు పేరుకుపోయాయి.

ఎల్క్ అంటే మన అడవుల్లోని కణుజుకు దగ్గరి చుట్టం. ఆడది సుమారు 225 కిలోలు, మగది 320 కిలోల దాకా తూగుతుంది. మగదాని కొమ్ములు ఏటా రాలిపోయి మళ్లీ మొలుస్తాయి. (యూరప్‌లో ఎల్క్ అనే జంతువు వేరు. దాన్ని అమెరికన్లు మూస్ అంటారు.) 19వ శతాబ్దపు విచ్చలవిడి వేట తరువాత ఉత్తర అమెరికా మొత్తం మీద ఇవి లక్షకు లోపే మిగిలాయి. ఎల్లోస్టోన్ జాతీయ పార్కు ప్రాంతం నుంచి పట్టి ఇతర రాష్ట్రాలకు తరలించి, వేటకు కాలపరిమితులు పెట్టి, దశాబ్దాల పాటు కాపాడగా ఇప్పుడు దాదాపు పది లక్షలయ్యాయి. ఆ ఖర్చులో పెద్ద భాగం వేటగాళ్ల లైసెన్సు రుసుముల నుంచి, 1937 చట్టం ప్రకారం తుపాకులు, తూటాలపై వేసిన పన్ను నుంచి వచ్చింది. ఎల్క్ బతికింది తమ డబ్బుతోనే అన్న నమ్మకం వేటగాళ్లలో గట్టిగా ఉండటానికి కారణం అదే. అయితే మంచు కురిసే నెలల్లో కొండలు దిగివచ్చిన ఆ మందలకు మేత దొరికింది లోయల్లోని రైతుల పొలాల్లో. ఆ లెక్క ఏ ఖాతాలోనూ రాయలేదు. అనుమతి కోసం గేటు దగ్గర నిలబడే ప్రతి మనిషీ తెలిసో తెలియకో ఆ రాయని లెక్క ముందే నిలబడతాడు.

చట్టం సంగతి ముందు చూడాలి. అమెరికాలో అడవి జంతువు భూమి యజమాని సొత్తు కాదు. ప్రజల తరఫున రాష్ట్రమే దాని సంరక్షకురాలు. 1896లో సుప్రీంకోర్టు వన్యప్రాణులపై రాష్ట్రానికి యాజమాన్యమే ఉందని చెప్పింది. 1979లో ఆ యాజమాన్య సిద్ధాంతాన్ని పక్కన పెట్టినా, వేటను నియంత్రించే అధికారం మాత్రం రాష్ట్రాల చేతుల్లోనే ఉండిపోయింది. జర్మనీలో పద్ధతి దీనికి పూర్తిగా భిన్నం. అక్కడ వేట హక్కు భూమితోనే ముడిపడి ఉంటుంది. కనీసం 75 హెక్టార్లు ఒకే చెక్కగా ఉన్న యజమానికి సొంత వేట క్షేత్రం ఉంటుంది, చిన్న కమతాల వారందరినీ కలిపి ఉమ్మడి క్షేత్రంగా కౌలుకిస్తారు. అమెరికా వలసవాసులకు యూరప్ జమీందార్ల వేట గుత్తాధిపత్యం మీద ఉన్న వ్యతిరేకత అమెరికా చట్టాల్లో కనిపిస్తుంది. కానీ అదే వలసవాసులు సొంత భూమి మీద పరాయివాడు అడుగుపెట్టడాన్నీ అంతే గట్టిగా వ్యతిరేకించారు. ఈ రెండు పట్టుదలలూ మోంటానా రాజ్యాంగంలో 2004లో చేర్చిన సవరణలో ఒకే వాక్యంలో ఇమిడి ఉన్నాయి. చేపలను, అడవి జంతువులను వేటాడే అవకాశం పౌరుల వారసత్వమని, దాన్ని ఎప్పటికీ కాపాడాలని చెబుతూనే, దానివల్ల ప్రైవేటు భూమిలోకి చొరబడే హక్కు మాత్రం రాదని ఆ వాక్యం ముగుస్తుంది.

ఫలితంగా రైతు ఎల్క్‌ను అమ్మలేడు, గేటును మాత్రం అమ్మగలడు. తన చేలో మేసే జంతువు మీద ఆయనకు హక్కు లేదు, దాని దగ్గరికి వెళ్లే దారి మీద పూర్తి హక్కు ఉంది.

మోంటానాలో ప్రైవేటు భూమిలో వేటాడాలంటే యజమాని గానీ, కౌలుదారు గానీ, వారి ప్రతినిధి గానీ ముందుగా అనుమతి ఇవ్వాలి. బోర్డు లేదు కదా అన్న వాదన వేట విషయంలో చెల్లదు. కొలరాడోలోనూ అంతే. మోంటానాలో గేటు స్తంభాలకు కనిపించే మెరిసే నారింజ రంగు 'లోపలికి రావద్దు' అన్న మాటకు చట్టబద్ధమైన గుర్తు. కనీసం 50 చదరపు అంగుళాల మేర ఆ రంగు పూస్తే చాలు, అక్షరాలు అక్కర్లేదు. ప్రభుత్వ భూమిలో దెబ్బతిన్న ఎల్క్ కంచె దాటి పడిపోతే దాన్ని తెచ్చుకోవడానికి కూడా మళ్లీ అనుమతి అడగాలి. నేర్పు గల వేటగాళ్లు సరిహద్దు పక్కన వేటాడే ముందే ఆ పొరుగు రైతుతో మాట్లాడి ఉంచుకోవడానికి కారణం ఇదే. గాయపడిన జంతువు చీకట్లో విలవిలలాడుతుండగా యజమాని ఫోను నంబరు కోసం వెతకాల్సి రావడం కన్నా నరకం ఆ పనిలో మరొకటి లేదు.

మోంటానాలో అరవై శాతానికి పైగా భూమి ప్రైవేటు చేతుల్లో ఉంది. కొండలు, రాళ్లు, దట్టమైన అడవులు ప్రభుత్వానికి మిగిలాయి. నీరు, పచ్చిక, లోతైన మట్టి ఉన్న లోయలను 19వ శతాబ్దంలో వచ్చి స్థిరపడినవారు తీసుకున్నారు. ఎల్క్‌కు చలికాలంలో కావలసిందీ ఆ లోయలే. దానికి తోడు ఎల్క్ చాలా తెలివైన జంతువు, ఎక్కడ తుపాకులు పేలతాయో, ఎక్కడ పేలవో తొందరగా పసిగడుతుంది. వేటకాలం మొదలయ్యే రోజుల్లో మందలు ప్రభుత్వ భూముల నుంచి వేటలేని ప్రైవేటు భూముల్లోకి తరలిపోతాయని ఎల్క్‌ల మెడకు జాడ తెలిపే పరికరాలు కట్టి చేసిన పరిశీలనలు చూపించాయి. అందుకే ఒకే జిల్లాలో 'ఎల్క్‌లు మరీ పెరిగిపోయాయి' అని వన్యప్రాణి శాఖ, 'సీజనంతా ఒక్కటీ కనబడలేదు' అని వేటగాడు అంటుంటే ఇద్దరి మాటా నిజమే అవుతుంది.

ఎల్క్ రోజుకు ఏడెనిమిది కిలోల మేత తింటుంది. రెండు వందల మంద అంటే రోజుకు ఒకటిన్నర టన్నులు. చలికాలంలో రైతు తన ఆవుల కోసం దాచుకున్న ఎండుగడ్డి వామిలోకి అవి చొరబడితే తినేది కొంత, తొక్కి పాడుచేసేది అంతకంతా. మంద పరుగున దూకిన చోట కంచె తీగలు తెగి స్తంభాలు ఒరిగిపోతాయి. ఎల్లోస్టోన్ చుట్టుపక్కల మరో భయం ఉంది. అక్కడి ఎల్క్‌లలో బ్రుసెల్లోసిస్ వ్యాధి ఉంది. అది ఆవులకు సోకితే ఈసుకుపోతాయి, మంద మొత్తాన్ని నిర్బంధంలో ఉంచాల్సి వస్తుంది. ఆ ప్రాంతంలోని కొన్ని కౌంటీల పశువులకు ప్రత్యేక పరీక్షలు తప్పనిసరి. శీతాకాలం చివర్లో ఎల్క్‌లు తన ఆవుల మేతతొట్ల దగ్గర కనిపించిన రైతుకు రాత్రి నిద్ర పట్టదు. అడవి పందులు ఒక్క రాత్రిలో వేరుశనగ చేనును దున్నినట్టు చేసి పోవడం చూసిన తెలుగు రైతుకు ఈ బాధ విడమరచి చెప్పనక్కర్లేదు. అయితే మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది. పంటను పాడుచేసే జంతువును చంపాలన్నా అధికారి ఉత్తర్వు కావాలి. మోంటానాలో ఆ అధికారం వేటకాలం పేరుతో సామాన్య లైసెన్సుదారు చేతిలో ఉంది, తాళం రైతు దగ్గర ఉంది.

ఇంత నష్టపోయే రైతు గేటు బార్లా తెరవాలి కదా అని దూరం నుంచి చూసేవారికి అనిపిస్తుంది. తెరవకపోవడానికి కారణాలు గేటు దగ్గరే కనిపిస్తాయి. పశువుల పొలాల్లో చాలాచోట్ల ఉండేది ఇనుప గేటు కాదు, మూడు నాలుగు కర్రలకు ముళ్లతీగ బిగించిన తీగ గేటు. దాని చివరి కర్రను స్తంభం అడుగున ఒక తీగ ఉచ్చులో దూర్చి, భుజంతో నెట్టి, పైన మరో ఉచ్చు తగిలించాలి. అలవాటు లేనివాడు విప్పగలడు, మళ్లీ బిగించలేక అలాగే వదిలేసి పోతాడు. సాయంత్రానికి ఆవులు రోడ్డు మీద ఉంటాయి. దీనికి విరుద్ధమైన తప్పు కూడా జరుగుతుంది. తెరిచి ఉన్న గేటును చూసి మంచిపని చేస్తున్నాననుకుని ఎవరో మూసేస్తారు. ఆవులు నీటి తొట్టి దగ్గరికి వెళ్లడానికే రైతు దాన్ని తెరిచి ఉంచాడని వారికి తెలియదు. గేటు ఎలా ఉంటే అలాగే వదలాలన్న నియమం అక్కడ చిన్నపిల్లలకు కూడా నేర్పేది అందుకే. తడిసిన మట్టిదారిలో బండి నడిపితే పడే చాళ్లు వసంతకాలందాకా మానవు. ఎక్కడెక్కడో తిరిగిన చక్రాలు కలుపు విత్తనాలు మోసుకొస్తాయి. విల్లుతో వేటాడే సెప్టెంబరులో గడ్డి ఎండి కరకరలాడుతుంటుంది, వేడెక్కిన బండి పొగగొట్టం తగిలితే చాలు అంటుకుంటుంది. ఇక అక్టోబరు నెలంతా భోజనాల వేళ మోగే ఫోన్లు. ముఖపరిచయం లేని ఇరవయ్యో మనిషికి ఎవరైనా 'వద్దు' అనే అంటారు.

ప్రమాదం జరిగితే కోర్టుకు ఈడుస్తారేమోనన్న భయం కూడా ఉంది గానీ, ఉండాల్సినంత కన్నా ఎక్కువగా ఉంది. రుసుము తీసుకోకుండా విహారానికో వేటకో రానిచ్చిన యజమానిపై బాధ్యతను బాగా తగ్గించే చట్టాలు దాదాపు అన్ని రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. డబ్బు తీసుకుంటే ఆ రక్షణ సాధారణంగా పోతుంది. ఉచితంగా రానివ్వడమే చట్టపరంగా క్షేమమన్న సంగతి చాలామంది రైతులకే తెలియదు.

డబ్బు సంగతి మరీ ముఖ్యం. పెద్ద కొమ్ముల మగ ఎల్క్ కోసం వేల డాలర్లు చెల్లించేవారున్నారు. వారిని వెంటబెట్టుకుని వేటకు తీసుకెళ్లే వృత్తిదారులను అవుట్‌ఫిట్టర్లంటారు. వీరు ఏడాది మొత్తానికి పొలాన్ని కౌలుకు తీసుకుంటారు. పశువుల ధరలు పడిపోయిన ఏడు ఆ కౌలు బ్యాంకు వాయిదా కట్టేంత ఉంటుంది. దాన్ని వదులుకోమని రైతుకు చెప్పే హక్కు ఎవరికీ లేదు. కానీ దాని పర్యవసానాన్ని కళ్లు మూసుకుని దాటేయలేం. డబ్బిచ్చినవారు కొట్టేది ఏడాదికి నాలుగైదు మగ ఎల్క్‌లను. మందను పెంచేవి ఆడవి, వాటి జోలికి ఎవరూ పోరు. ఆ పొలం మంద పాలిట కోటగా మారుతుంది, అక్కడ పెరిగిన ఎల్క్‌లు పక్కనున్న చిన్నరైతు గడ్డివాముల మీద పడతాయి. కౌలు డబ్బు ఒకరికి, నష్టం మరొకరికి. ఈ కోపమే 2010లో మోంటానా ఓటర్ల చేత ఒక ప్రజా ప్రతిపాదనను గెలిపించింది. అప్పటిదాకా అవుట్‌ఫిట్టర్ల ఖాతాదారులైన బయటి రాష్ట్రాల వేటగాళ్లకు ప్రత్యేకంగా కేటాయించిన 5,500 లైసెన్సులు అందరికీ లాటరీలోకి వచ్చేశాయి. లైసెన్సు దారి మారింది గానీ కౌలు ఒప్పందాలు ఆగలేదు. గేటు రైతుదే కదా.

రాష్ట్రాలు ఈ ముడి విప్పడానికి చేసిన ప్రయత్నాల్లో అన్నిటికన్నా గౌరవించదగినది మోంటానాలో 1985లో మొదలై, 1996లో విస్తరించిన బ్లాక్ మేనేజ్‌మెంట్. రైతు తన భూమిని ప్రజల వేటకు తెరుస్తానని వన్యప్రాణి శాఖతో ఒప్పందం చేసుకుంటాడు. వచ్చిన వేటగాళ్ల సంఖ్యను, రోజులను బట్టి లైసెన్సు రుసుముల నిధి నుంచి ఆయనకు చెల్లిస్తారు. వేటగాడు పైసా ఇవ్వనక్కర్లేదు. ఇందులో రెండు రకాలున్నాయి. మొదటి రకంలో రోడ్డు పక్కన స్తంభానికి ఒక పెట్టె బిగించి ఉంటుంది. మూత తీసి లోపలి చీటీ మీద పేరు, లైసెన్సు వివరాలు, బండి నంబరు రాసి పెట్టెలో వేస్తే అదే అనుమతి. తెల్లవారుజామున నాలుగు గంటలకు, వేళ్లు కొంకర్లుపోయే చలిలో, నుదుటి దీపం వెలుగులో ఆ చీటీ నింపుతున్న మనిషిని చూస్తే ఈ పథకం ఏం సాధించిందో అర్థమవుతుంది. రైతును నిద్రలేపకుండానే ఆయన మాట మీద గౌరవం నిలబడింది. రెండో రకంలో రైతో, శాఖ ఉద్యోగో ముందుగా రోజులు కేటాయిస్తారు. ఎల్క్ ఎక్కువగా ఉండే పొలాలు ఈ రకంలో ఉంటే పోటీ తీవ్రం.

వయోమింగ్‌లో ప్రతి ఎల్క్ లైసెన్సుకూ భూయజమాని కూపను ఒకటి జతగా వస్తుంది. ఎవరి భూమిలో జంతువు దొరికిందో వారికి దాన్ని ఇస్తే శాఖ వారికి కొంత సొమ్ము చెల్లిస్తుంది. మొత్తం చిన్నదే అయినా, జంతువు మేసిన గడ్డికి ధర ఉందని ఒప్పుకోవడం అందులో ఉంది. నష్టపరిహారం విషయంలో రాష్ట్రానికో దారి. కొలరాడో, వయోమింగ్ పంట నష్టానికి డబ్బు చెల్లిస్తాయి, అయితే వయోమింగ్‌లో పరిహారం కోరే రైతు వేటను అనుమతించి ఉండాలి. మోంటానా డబ్బు ఇవ్వదు. గడ్డివాముల చుట్టూ ఎత్తైన కంచెకు సామగ్రి ఇవ్వడం, మందను తోలడం, అదనపు వేట ఏర్పాటు చేయడం వంటి సాయం చేస్తుంది. దానికీ షరతు అదే. ప్రజల వేటను బాగా అడ్డుకున్న యజమానికి ఆ సాయం అందదు. ఈ షరతు న్యాయమైనది. మందను కౌలు కోసం కాపాడుకుంటూ, ఆ మంద చేసిన నష్టానికి ప్రజల సొమ్ము అడగడం కుదరదు.

మోంటానా కొన్ని జిల్లాల్లో ఆగస్టు 15 నుంచి ఫిబ్రవరి 15 లోపు, సాధారణ సీజనుకు ముందో వెనకో అదనపు వేటకాలం పెడుతోంది. ముఖ్యంగా ప్రైవేటు భూముల్లోని ఆడ ఎల్క్‌ల సంఖ్య తగ్గించడం దాని ఉద్దేశం. నష్టం చేస్తున్న మందల కోసం వేటగాళ్ల పేర్లు ముందే నమోదు చేసుకుని, అవసరమైనప్పుడు పిలిచే జాబితా కూడా ఉంది. వాషింగ్టన్ రాష్ట్రం ఇంకో అడుగు వేసి, పరీక్ష నెగ్గి సేవ చేసినవారికే మాస్టర్ హంటర్ అనే అర్హత ఇచ్చి, రైతుల పొలాల్లోని ఇలాంటి వేటకు వారిని పంపుతోంది.

వీటన్నిటి పక్కన పాత పద్ధతి ఇంకా బతికే ఉంది, తలుపు తట్టి అడగడం. అడగందే అమ్మైనా పెట్టదన్నారు గానీ, ఎప్పుడు అడిగామన్నదీ అంతే ముఖ్యం. అక్టోబరులో అడిగేవాడు వంద మందిలో ఒకడు. వసంతకాలంలో అడిగేవాడు ఒక్కడే. ఆవులు ఈనే వారాలూ, గడ్డి కోసి కట్టలు కట్టే రోజులూ తప్పించుకుని, పగటిపూట, రంగురంగుల వేట దుస్తులు లేకుండా ఒక్కడే వెళ్లడం మర్యాద. ఎవరి భూమి ఎక్కడ ముగుస్తుందో కౌంటీ రికార్డుల్లో ఉంటుంది. మోంటానాలోని మిస్సోలాలో పుట్టిన ఆన్ఎక్స్ వంటి ఫోను పటాలు సరిహద్దులతో పాటు యజమాని పేరూ చూపిస్తాయి. ఆ పటాల వల్ల పొరపాటున చొరబడటం తగ్గింది. ఫోన్ల మోత మాత్రం పెరిగింది.

అడిగే మాటలోనే సగం ఫలితం ఉంది. 'మీ పొలంలో మంచి మగ ఎల్క్ ఉందట, వేటాడవచ్చా?' అన్నవాడు రైతుకు డబ్బు తెచ్చే వస్తువును ఉచితంగా అడుగుతున్నాడు. 'ఆడ ఎల్క్ లైసెన్సు ఉంది, మీ గడ్డివాముల దగ్గర చేరే మంద ఇబ్బంది పెడుతుంటే ఎప్పుడు రమ్మన్నా వస్తాను' అన్నవాడు రైతు సమస్యలో ఒక భాగాన్ని తగ్గిస్తానంటున్నాడు. మాంసం కోసం వచ్చేవాడికి రెండోది నష్టం కానే కాదు, ఆడదాని మాంసమే మెత్తన. ఎంతమంది వస్తారు, ఏ బండి, ఎక్కడ నిలపాలి, ఆవులు ఏ చెక్కలో ఉన్నాయి, పడిన జంతువును బయటికి ఎలా తెస్తారు అన్నవి రైతు అడగకముందే వేటగాడు అడగాలి. రెండు వందల కిలోల జంతువు చేను మధ్య పడితే దాన్ని అక్కడే కోసి, భుజాల మీద నాలుగైదు విడతలుగా మోయడానికి సిద్ధపడినవాడికి, ట్రక్కుతో నేరుగా చేలోకి వస్తానన్నవాడికి ఒకే సమాధానం రాదు. ఒప్పుకున్నాక తేదీలు, హద్దులు, పేర్లు రాసిన కాగితం మీద సంతకం తీసుకోవడం ఇద్దరికీ మేలు. చాలా రాష్ట్రాల శాఖలు అలాంటి చీటీల నమూనాలు ఇస్తున్నాయి. అనుమతి ఎవరికి ఇచ్చారో ఆ మనిషికే చెందుతుంది. స్నేహితుణ్ని వెంట తీసుకురావడం, వచ్చే ఏడాదికీ అదే చెల్లుతుందనుకోవడం రెండూ దాన్ని పోగొట్టుకునే దారులు.

అనుమతి అక్కర్లేని దారి కోసం వెతికినవారి కథ కూడా ఇక్కడ చెప్పుకోవాలి. 19వ శతాబ్దంలో రైలు కంపెనీలకు దారి పొడవునా 640 ఎకరాల చదరాలను ఒకటి విడిచి ఒకటి ఇవ్వడంతో, ప్రభుత్వ, ప్రైవేటు చదరాలు చదరంగం బల్లలా మిగిలాయి. రెండు ప్రభుత్వ చదరాలు మూల దగ్గర మాత్రమే కలుస్తాయి. వయోమింగ్‌లోని ఎల్క్ మౌంటెన్ వద్ద 2021లో మిస్సోరీ నుంచి వచ్చిన నలుగురు వేటగాళ్లు ఒక మూల మీద నిచ్చెన వేసి, ప్రైవేటు నేలను తాకకుండా అవతలికి దాటారు. తన గగనతలంలోకి చొరబడ్డారని, భూమి విలువ తగ్గిందని యజమాని 70 లక్షల డాలర్లకు పైగా నష్టం కోరాడు. చొరబాటు నేరం మోపిన వేరే కేసులో 2022లో జ్యూరీ వారిని నిర్దోషులంది. నష్టం కోరిన కేసులో 2025 మార్చిలో పదో సర్క్యూట్ అప్పీలు కోర్టు (కొన్ని రాష్ట్రాలకు కలిపి ఉండే ఫెడరల్ కోర్టు), ప్రభుత్వ భూమికి దారి మూయరాదన్న 1885 నాటి చట్టాన్ని ఆధారం చేసుకుని వేటగాళ్లకే అనుకూలంగా తీర్పు చెప్పింది. అదే ఏడాది అక్టోబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పులో జోక్యం చేసుకోలేదు. వయోమింగ్, కొలరాడో, యూటా, న్యూమెక్సికో వంటి రాష్ట్రాలకు ఆ తీర్పు వర్తిస్తుంది. మోంటానా తొమ్మిదో సర్క్యూట్ కిందికి వస్తుంది కనుక అక్కడ సందిగ్ధం తొలగలేదు.

ప్రజల భూమికి దారి మూసేయడం అన్యాయమన్నది నిజం, ఆ నలుగురు గెలవడం సబబే. కానీ ఆ తీర్పుతో లోయలోని లూసర్న్ చేను తెరుచుకోదు. జనవరిలో మంచు మోకాలి లోతున పడి, మంద గడ్డివాముల చుట్టూ చేరిన రాత్రి రైతు ఫోనులో వెతికే పేరు ఒకటి ఉంటుంది. నవంబరులో వచ్చి, ఒక ఆడ ఎల్క్‌ను మోసుకెళ్లి, తెగిన తీగను ముడివేసి, క్రిస్మసుకు ముందు రెండు కిలోల మాంసం కాగితంలో చుట్టి వరండాలో పెట్టి వెళ్లిన మనిషి పేరు అది.